వడ్లు దించుకోని మిల్లు

పరగడుపు షుగర్ 96. కాగితం మీద అది నార్మల్. స్టేషన్ ఘన్‌పూర్‌లోనో, చుట్టుపక్కల రఘునాథపల్లి, జఫర్‌గఢ్, చిల్పూరు మండలాల్లోనో నలభై ఐదేళ్ల ఆడమనిషి ఆ కాగితం పట్టుకొని దవాఖాన మెట్లు దిగితే, షుగర్ లేదన్న ధీమాతో ఇంటికి పోతుంది. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అదే 96ను ఒక ఒళ్లు కొద్దిపాటి ఇన్సులిన్‌తో అలవోకగా నిలబెడుతుంది. ఇంకో ఒళ్లు దానికి రెండింతలో మూడింతలో ఇన్సులిన్ గుమ్మరించి, ఆయాసపడుతూ నిలబెడుతుంది. రెండు కాగితాల మీదా అంకె ఒకటే. రెండో ఒళ్లు పడుతున్న ఆయాసం ఏ గడిలోనూ అచ్చవదు. అది బయటపడేసరికి పదేళ్లు గడిచిపోవచ్చు, అప్పుడు దాన్ని అందరూ తిండి ఎక్కువై వచ్చిన జబ్బు అనేస్తారు. మన పల్లెల నడివయసు స్త్రీల విషయంలో ఆ నిందలో సగమే నిజం ఉంది. మిగతా సగం, తిన్నది దాచుకునే చోటు చాలకపోవడం. ఆ చోటు పేరు కండ. అది చిన్నప్పుడు సరిగా కూడకపోవడం, నడివయసులో త్వరగా తరిగిపోవడం, మధ్యలో గర్భసంచి ఆపరేషన్లు, కంచంలో పప్పు కరువు, ఇవన్నీ కలిసి చేసిన పని ఇది.

యాసంగి కోతలయ్యాక జనగామ జిల్లా రోడ్ల పక్కన ఏటా కనిపించేదే చూడండి. మహిళా సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాల్లో వడ్లు కాంటా అవుతాయి, లారీ ఎక్కుతాయి, మిల్లుకు పోతాయి. మిల్లు గోదాము నిండి ఉంటే లారీ గేటు ముందే ఆగిపోతుంది. అప్పుడు ఇంకో లారీ, దాని వెనక ఇంకోటి పంపుతూ ఉంటే కొన్నాళ్లు పని నడుస్తున్నట్టే ఉంటుంది. కేంద్రంలో కుప్ప పెరగదు, ఎవరికీ అనుమానం రాదు. పంపడానికి లారీలు మిగలని రోజున వడ్లు రోడ్డు మీద పడతాయి. అన్నం తిన్నాక నెత్తురులోకి వచ్చే గ్లూకోజ్ వడ్లనుకుంటే, ఇన్సులిన్ లారీ, కండ మిల్లు. లారీలు పంపేది క్లోమం. అది ఏళ్ల తరబడి అదనంగా పనిచేసి కుప్పను కంటికి కనిపించనీయదు. షుగర్ జబ్బు అని మనం పేరు పెట్టుకున్నది రోడ్డు మీద పడిన కుప్పకు. దానికి ఎంతో ముందే మిల్లు గేటు దగ్గర మొదలైన ఆగుడును డాక్టర్లు ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు, తెలుగు పత్రికలు ఇన్సులిన్ నిరోధకత అని రాస్తాయి.

కండనే మిల్లు అనడానికి ఆధారం ఉంది. 1979లో రాల్ఫ్ డిఫ్రాంజో బృందం ఒక కొలత పద్ధతిని వివరించింది. మనిషికి ఇన్సులిన్ ఎక్కిస్తూ, షుగర్ పడిపోకుండా గ్లూకోజ్ కూడా ఎక్కిస్తూ, ఒళ్లు ఎంత గ్లూకోజ్‌ను మింగుతోందో లెక్కగట్టడం. ఈ పద్ధతిలో చూసినప్పుడు ఇన్సులిన్ ప్రభావంతో ఒంట్లోకి పోయే గ్లూకోజ్‌లో ఇంచుమించు 80 శాతం కండలోకే పోతుందని తేలింది. ఇన్సులిన్ వచ్చి తట్టగానే కండ కణం లోపల దాగి ఉన్న గ్లట్-4 అనే వాహక ప్రోటీన్లు పైపొరకు చేరి గ్లూకోజ్‌ను లోపలికి లాక్కుంటాయి. కండలోనూ కాలేయంలోనూ కొవ్వు చుక్కలు పేరుకున్నప్పుడు ఆ తట్టిన చప్పుడు లోపలిదాకా చేరదు. తలుపులు సగమే తెరుచుకుంటాయి. కండ తక్కువున్న మనిషికైతే అసలు తలుపులే తక్కువ.

ఉపమానం ఇక్కడిదాకే పనికొస్తుంది. లారీకి వడ్లు మోయడం తప్ప వేరే పని లేదు, ఇన్సులిన్‌కు చాలా పనులున్నాయి. గ్లూకోజ్ సంగతిలో కండ చెవిటిదైనా, ఒంట్లో మిగతా భాగాలన్నీ చెవిటివి కావు. పెరిగిన ఇన్సులిన్ మాటను కాలేయం విని కొవ్వు తయారు చేస్తూనే ఉంటుంది, మూత్రపిండాలు విని ఉప్పును పట్టి ఉంచుతాయి, చర్మం విని మెడ వెనక మడతల్లో దళసరిగా, నల్లగా పెరుగుతుంది. అంటే కండను వినిపించడానికి క్లోమం అరిచే అరుపు, ఆ అరుపు అవసరం లేని అవయవాలకు రోజంతా వినిపిస్తూ ఉంటుంది. షుగర్ అంకె నార్మల్‌గా ఉన్న కాలంలోనే బీపీ ఎక్కడం, నెత్తురులో ట్రైగ్లిజరైడ్లు పెరిగి మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, కాలేయానికి కొవ్వు పట్టడం ఒకదాని వెంట ఒకటి రావడానికి కారణం ఇదే. 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ ఈ గుంపును ఒక్క తాటి మీదికి తెచ్చి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు. అప్పటిదాకా వీటికి వేర్వేరు మాత్రలు, వేర్వేరు డాక్టర్లు. ఇప్పటికీ చాలాచోట్ల అంతే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1921-22లో టొరంటోలో ఇన్సులిన్ చేతికి వచ్చాక, షుగర్ అంటే ఇన్సులిన్ లేకపోవడమే అని లోకం అనుకుంది. 1936లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ రోగులకు ఇన్సులిన్, గ్లూకోజ్ కలిపి ఇచ్చి చూస్తే, కొందరిలో షుగర్ పెరగకుండా ఆగింది, కొందరిలో ఇన్సులిన్ ఇచ్చినా ఇవ్వనట్టే ఎక్కింది. జబ్బు రెండు రకాలని ఆయన అప్పుడే చెప్పాడు. 1960లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ నెత్తురులో ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే పద్ధతి కనిపెట్టారు. పెద్ద వయసులో షుగర్ వచ్చినవాళ్లలో ఇన్సులిన్ తక్కువ ఉండాల్సింది పోయి చాలామందిలో ఎక్కువే కనిపించింది. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. ఇంత జరిగినా మన దగ్గర వాడుక మాట మారలేదు. షుగర్ ఉందా లేదా, అంతే. ఉండటానికీ లేకపోవడానికీ నడుమ పదేళ్ల దారి ఉందన్న సంగతి ఆ మాటలో ఇమడదు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనం, షుగర్ జబ్బు బయటపడటానికి ఐదేళ్ల ముందు నుంచే ఇన్సులిన్‌కు స్పందించే గుణం నిటారుగా పడిపోతుందని, పరగడుపు షుగర్ మాత్రం చివరి మూడేళ్లలోనే ఎగబాకుతుందని 2009లో చూపింది.

నడివయసు ఆడవాళ్లకే ఈ గొడవ ప్రత్యేకంగా ఎందుకు? ముట్టు నడిచే కాలంలో ఈస్ట్రోజెన్ కొవ్వును తొడలకూ పిరుదులకూ పంపుతుంది. అక్కడి కొవ్వు పెద్దగా హాని చేయదు, దాచుకున్న సొమ్ములాంటిది. ఈస్ట్రోజెన్ తగ్గగానే కొవ్వు పొట్టలోకి, పేగుల చుట్టూ, కాలేయంలోకి చేరుతుంది. అమెరికాలో 1996 నుంచి నడుస్తున్న స్వాన్ అధ్యయనం ఈ మార్పుకు తేదీలు కట్టింది. ముట్టు పూర్తిగా ఆగడానికి సుమారు రెండేళ్ల ముందు కొవ్వు పెరిగే వేగం రెట్టింపైంది, అదే సమయంలో కండ తరగడం మొదలైంది. ఆగిన రెండేళ్ల తర్వాత ఆ పరుగు నెమ్మదించింది. ఇందులో తిరకాసు ఏమిటంటే, ఆ నాలుగేళ్లలో బరువు పెరిగే వేగం మారలేదు. కండ పోయి కొవ్వు వస్తే తక్కెడ ముల్లు కదలదు. పీహెచ్‌సీలో బరువు చూసి, పోయినసారంతే ఉన్నావని చెప్పి పంపే ఆశా కార్యకర్త తప్పు చేసినట్టు కాదు, ఆమె చేతికిచ్చిన పనిముట్టే తప్పు.

ముట్టు ఆగడం ప్రకృతి ధర్మం, దాన్నీ జబ్బు చేస్తున్నారనే అభ్యంతరం ఉంది. అందులో న్యాయం ఉంది కూడా. వేడి ఆవిర్లకూ చిరాకుకూ మందులమ్మే వ్యాపారం పెద్దది. కానీ తెలంగాణలో ఎంతోమంది స్త్రీలకు ముట్టు ప్రకృతి ఆపలేదు, కత్తి ఆపింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతమైతే, తెలంగాణలో 8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం. దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, నెత్తురు ఎక్కువ పోతోందనో వెళితే, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందన్న భయం ఒకటి చెవిన పడుతుంది. పిల్లలు అయిపోయారు, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయిపోయింది, ఇక దాంతో పనేముందన్న తర్కం ఇంట్లోనే సిద్ధంగా ఉంటుంది. కలుపు రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో నెలకు నాలుగు దినాలు కూలి పోకుండా ఉంటుందన్న లెక్క కూడా ఉంటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో ఆగిపోతుంది. అండాశయాలు వదిలేసినా, వాటి పని మామూలుకంటే కొన్నేళ్లు ముందే ముగియవచ్చు. భారతదేశంలో సహజంగా ముట్టు ఆగే సగటు వయసే 46-47, పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఉంటుంది. దాని మీద ఇది అదనం. ముప్పై అయిదుకే గర్భసంచి పోయినామెకు నడివయసు మనం అనుకున్నదానికంటే పదేళ్లు ముందే వచ్చి కూర్చుంటుంది, దాన్ని ఎవరూ గుర్తుపట్టరు.

ఈస్ట్రోజెన్ తగ్గడం, ఇన్సులిన్ పని చెడటం ఒకే వయసులో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అవుతుందా అని అడగొచ్చు. దీనికి జవాబు అనుకోని చోట దొరికింది. అమెరికాలో వేలాది స్త్రీల మీద జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరీక్షలో, ఎవరికి హార్మోన్ మాత్ర, ఎవరికి ఉత్త మాత్ర అన్నది లాటరీలా నిర్ణయించారు. ఈస్ట్రోజెన్‌ను ఇంకో హార్మోన్‌తో కలిపి తీసుకున్నవాళ్లలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు సుమారు అయిదో వంతు తగ్గారు. అదే పరీక్షలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం లాంటి ప్రమాదాలు పెరిగాయి గనక షుగర్ రాకుండా హార్మోన్ మాత్ర వాడమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. కానీ కారణం ఎటునుంచి ఎటు నడుస్తోందో చూపడానికి ఆ ఒక్క అంకె చాలు.

అసలైన అభ్యంతరం ఇంకొకటి. ఇది బస్తీల్లో కూర్చుని తినేవాళ్ల జబ్బు గదా, ఎండలో వంగి నాట్లేసే బక్కపలుచని మనిషికి ఎట్లా వస్తుంది? ఈ ప్రశ్నకు పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటోతో జవాబిచ్చాడు. పక్కపక్కన ఆయన, బ్రిటిష్ స్నేహితుడు జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరిదీ 22.3. చూపుకు ఇద్దరూ సన్నమే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయ శరీరంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అన్న విషయాన్ని ఇంత పొదుపుగా చెప్పిన శాస్త్ర పత్రం ఇంకోటి లేదు. పొట్ట చుట్టుకొలత హద్దును దక్షిణాసియా స్త్రీలకు 80 సెంటీమీటర్ల దగ్గర గీశారు. చీరకట్టులో 85 సెంటీమీటర్లు ఎవరి కంటికీ లావుగా కనిపించదు.

ఆ శరీరం అలా ఎందుకు తయారైంది? 1992లో హేల్స్, బార్కర్ ఒక వాదం ముందుకు తెచ్చారు. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆకలి పడిన ఒళ్లు కొరత కాలానికి తగ్గట్టు తనను తాను దిద్దుకుంటుంది, తర్వాత తిండి దొరికితే తట్టుకోలేదు. వినడానికి బాగుంది, నిరూపించడం ఎట్లా? దీనికి ప్రపంచంలోనే అరుదైన రుజువు మన దగ్గరే, హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో దొరికింది. 1987 నుంచి 1990 వరకు, ఐసీడీఎస్ పథకం దశలవారీగా విస్తరిస్తుండటాన్ని ఆసరా చేసుకొని, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 29 ఊళ్లను గమనించారు. 15 ఊళ్లలో గర్భిణులకూ బాలింతలకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం అందింది, 14 ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. గర్భిణికి అందింది రోజుకు సుమారు 500 కేలరీలు, 20-25 గ్రాముల ప్రోటీన్. ఓ పెద్ద గిన్నెడు ఉప్మా అనుకోండి. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకొని 1,165 మందిని పరీక్షించారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితం ప్రకారం తిండి అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. పరగడుపు గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ కలిపి లెక్కగట్టిన నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువ. మరి కొవ్వు, కండ పాళ్లలో తేడా ఉందా అంటే, లేదు. ఇది నా వాదానికి కొంచెం ఇబ్బందే. పసినాటి తిండి కండ పరిమాణం ద్వారా మాత్రమే పనిచేసి ఉంటే ఆ తేడా కొలతకు దొరకాలి. దొరకలేదు కాబట్టి, కండ ఎంతుంది అన్నదానితో పాటు ఉన్న కండ ఎంత బాగా వింటుందన్నది కూడా పసితనంలోనే కొంత రాసిపెట్టి ఉంటుందని ఒప్పుకోవాలి. నడివయసులో వెనక్కి పోయి పసితనాన్ని దిద్దలేం. చేతిలో ఉన్నది ఇప్పటి కండే.

ఇప్పుడు నలభై అయిదేళ్లున్న ఆడమనిషి 1980 ప్రాంతంలో పుట్టింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఆమెకు మూడేళ్లు. జొన్న గటక, అంబలి తాగిన తల్లి కడుపున పుట్టి, అన్నం తిని పెరిగిన తరం అది. ఆ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆకలి ఎరగనివాళ్లు. తర్వాత దేవాదుల నీళ్లొచ్చాయి, ఘన్‌పూర్ రిజర్వాయర్ నిండింది, జొన్న చెలకలు మడులయ్యాయి. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తోంది. మెతుకు తెల్లబడింది, సన్నబడింది, పక్కన ఉండాల్సిన పప్పు మాత్రం పెరగలేదు. ఇంట్లో అందరూ తిన్నాక తినే ఆడమనిషి కంచంలోకి వచ్చేసరికి గిన్నె అడుగున పప్పు ఉండదు. చారు, తొక్కు, ఇంకో గరిటె అన్నం. మిల్లుకు వడ్లు పెరిగాయి, మిల్లు కట్టే ఇటుకలు రాలేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2025లో ప్రచురించిన లెక్కల్లో భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. హైదరాబాద్ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు, ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతానికి మించవద్దంటాయి.

అయితే మళ్లీ జొన్నలకు, కొర్రలకు పోతే సరిపోతుందా? చిరుధాన్యాల ప్రచారం ఇప్పుడు యూట్యూబ్‌లో ఒక మతంలా నడుస్తోంది. అదే 2025 అధ్యయనం దీనిమీద నీళ్లు చల్లింది. తెల్ల బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టి, మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకపోతే షుగర్ ముప్పులో తేడా కనబడలేదు. మొత్తం కేలరీల్లో 5 శాతాన్ని పిండిపదార్థాల నుంచి పప్పుల ప్రోటీన్‌కో పాల ప్రోటీన్‌కో మార్చినప్పుడు ముప్పు తక్కువగా కనిపించింది. జొన్న రొట్టె మంచిదే, పీచు ఉంది, నమలాలి, రెండు తింటే కడుపు నిండుతుంది. కానీ నాలుగు రొట్టెలు ఉత్త కారంతో తింటే కండకు దక్కేది తక్కువే. పెసర్లు, బబ్బెర్లు, ఉలవలు, గుడ్డు, పెరుగు, చెరువు చేప, ఇవి కంచంలో ముందు వడ్డించుకొని అన్నం తర్వాత పెట్టుకుంటే తిన్న తర్వాత షుగర్ ఎగబాకడం తగ్గుతుందని చిన్న చిన్న ప్రయోగాలు చూపాయి. ఇందులో కొత్త వస్తువు కొనాల్సిన పని కొంతే, వడ్డించే వరసలో ఆడమనిషి స్థానం మారడం ఎక్కువ. రెండోదే కష్టం.

పొలం పని సంగతి తేల్చాలి. రోజంతా కష్టపడే ఒంటికి వ్యాయామం లేదనడం అన్యాయంగా వినిపిస్తుంది. ఇక్కడ కష్టానికీ కండకూ ఉన్న లెక్క వేరు. కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ తట్టకపోయినా గ్లట్-4 తలుపులు తెరుచుకుంటాయి, ఆ మేలు పని ఆగిన తర్వాత ఒకటి రెండు రోజులు ఉంటుంది, తర్వాత పోతుంది. నాట్ల నెల ఒళ్లు విరిగే పని, ఆ తర్వాత వారాల తరబడి ఖాళీ. కోత హార్వెస్టర్ కోస్తుంది, వడ్లు దంచడం, తిరగలి, నీళ్ల బిందె మోత ఆమె తల్లి తరంతో పోయాయి. పోవాల్సినవే. మిగిలిన కలుపు, పత్తి ఏరుడు గంటల తరబడి వంగి చేసేవి, నడుమును నలుపుతాయి గానీ తొడకండకు బరువు పెట్టవు. కండ పెరగాలంటే మోసే బరువు మెల్లమెల్లగా పెరగాలి, దాంతో పాటు ప్రోటీన్ పడాలి. అలసట దానంతటదే కండ కాదు. ఉపాధి పనిలో తట్ట మోసి కట్ట ఎక్కే రోజులు నిజానికి ఈ లెక్కకు దగ్గరివి, కాకపోతే అవి మండుటెండల్లో కొన్ని రోజులకే వస్తాయి, ఆ రోజు కంచంలో గుడ్డు ఉండదు. తొడకండకు పని చెప్పడానికి జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేవడం, గోడకు చేతులు పెట్టి ఒంటిని తోయడం, అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు నడవడం, ఇవి వారంలో రోజు విడిచి రోజైనా ఏడాది పొడుగునా ఉంటే సీజను ఖాళీలు పూడతాయి.

ఇవన్నీ చేస్తే ఫలితం ఉంటుందనడానికి మనకు దగ్గరి సాక్ష్యం చెన్నైది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకొని చేసిన పరీక్ష 2006లో వచ్చింది. మూడేళ్లలో మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతం మందికి. ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా దాదాపు అంతే తగ్గించింది, రెండూ కలిపితే అదనపు లాభం రాలేదు. అంతకుముందు అమెరికాలో 2002లో వచ్చిన పరీక్షలో తగ్గుదల 58 శాతం. మన తగ్గుదల చిన్నది, మన ఒళ్లు ఇంకా ముందే, ఇంకా లోతుగా దారి తప్పి ఉంటుందన్నదానికి అదొక గుర్తు. ఇంకో సంగతి. చెన్నై పరీక్షలో సగటు వయసు 46, కానీ 531 మందిలో స్త్రీలు 110 మందే. నడివయసు ఆడవాళ్ల మీద మాట్లాడేటప్పుడు మన రుజువుల్లో కూడా వాళ్లు ఆఖరి పంక్తిలోనే కూర్చున్నారు.

ఆలస్యంగా పట్టుకుంటే జరిగేది షుగర్ ఒక్కటే కాదు. భుజం పట్టేసి వెనక్కి చేయి పోకపోవడం, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం నలభైలలో ఆడవాళ్లకు ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ముట్టు ఆగాక ఒంట్లో కొవ్వు తయారుచేసే ఈస్ట్రోజెన్, పైన పెరిగిన ఇన్సులిన్ కలిసి గర్భసంచి లోపలి పొరను పెంచి క్యాన్సర్ ముప్పు తెస్తాయి. కాబట్టి ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే చూపించుకోవాలి. (లేని క్యాన్సర్‌కు భయపడి ముప్పైలలో గర్భసంచి తీయించుకునే చోట, ఈ అసలు గుర్తును పట్టించుకోకపోవడం విడ్డూరం.) ఇక గుండె. ముట్టు నడిచినంతకాలం గుండెపోటు విషయంలో ఆడవాళ్లకు ఉండే వెసులుబాటు, షుగర్ వస్తే చాలావరకు పోతుంది.

మరి ముందే పట్టుకోవడం ఎట్లా? ఇన్సులిన్‌ను కొలిచే పరీక్ష చేయించుకుంటే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఒకరి ఇన్సులిన్ పొద్దునొకటి, మరునాడొకటి ఉంటుంది, ల్యాబుకూ ల్యాబుకూ అంకె మారుతుంది, ఇంతకు మించితే జబ్బు అనే ఒప్పుకున్న హద్దు లేదు. డబ్బు దండగ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మంచిదే కానీ, తెలంగాణ స్త్రీలలో 57 శాతం మందికి పైగా రక్తహీనత ఉంది, ఇనుము లోపం ఆ అంకెను ఉన్నదానికంటే పైకి చూపగలదు, నెత్తురు బాగా పోతుంటే కిందికీ చూపగలదు. అందుకని హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకొని చదవాలి. అన్నిటికంటే చవకైనది దర్జీ టేపు. బొడ్డు మీదుగా 80 సెంటీమీటర్లు దాటిందా, మెడ వెనక రుద్దినా పోని నలుపు ఉందా, ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయా, ఈ మూడూ షుగర్ కాగితం చెప్పనిది చెబుతాయి. వీటితో పాటు రెండు ప్రశ్నలు. కాన్పప్పుడు షుగర్ వచ్చిందా? వచ్చి పోయినామెకు తర్వాత షుగర్ వచ్చే ముప్పు రానామెకంటే ఏడింతలు, ఆ కాన్పు ఇరవై ఏళ్ల కిందటిదైనా సరే. రెండోది, గర్భసంచి తీశారా, ఎన్నేళ్లకు, అండాశయాలు ఉంచారా? ఆపరేషన్ చేయించుకున్న చాలామందికి ఆ చివరి దానికి జవాబు తెలియదు, ఎవరూ చెప్పి ఉండరు. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం వంద కేంద్రాలతో మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో, మంగళవారం మంగళవారం స్త్రీలకు చేసే సేవల్లో ముట్టు ఆగే దశ సమస్యలనూ బరువునూ చేర్చారు. ఈ రెండు ప్రశ్నలూ ఒక టేపూ చేరడానికి అంతకంటే తగిన బల్ల లేదు.

హైదరాబాద్ చుట్టూ ఆ 29 ఊళ్లలో 1987-90 మధ్య పుట్టిన ఆడపిల్లలకు ఇప్పుడు ముప్పై అయిదు దాటింది. పదిహేను ఊళ్ల వాళ్లు తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ గిన్నెడు తిండి అందినవాళ్లు, పద్నాలుగు ఊళ్ల వాళ్లు అందనివాళ్లు. పదమూడు పద్దెనిమిదేళ్లప్పుడు వాళ్ల మధ్య కనిపించిన ఆ 20 శాతం తేడా ఇంకో పదేళ్లలో, ముట్టు ఆగే వయసు గట్టు మీద, మళ్లీ పరీక్షకు నిలబడుతుంది.